అమ్మ కత్తెరకు సాన పట్టించాలా, అలాగే ఉంచేయాలా?

ప్రశ్న:
మా అమ్మ బట్టలు కుట్టేది. ఆవిడ వాడిన పెద్ద ఇనప కత్తెర ఇప్పుడు నా దగ్గర ఉంది, నేను పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉన్నదే. బొటనవేలు పెట్టే చోట నల్లరంగు మొత్తం పోయి ఇనుము నున్నగా మెరుస్తుంటుంది, సరిగ్గా అమ్మ వేలు ఆనిన చోటే. ఈ మధ్య గుడ్డ తెగడం లేదు, రెండు బ్లేడ్ల మధ్య మడతపడి ఇరుక్కుపోతోంది. అందరూ కొత్తది కొనుక్కో అంటే కొన్నాను కూడా, కానీ చెయ్యి మళ్లీ దీని మీదకే పోతోంది. సాన పట్టిస్తే ఆ గుర్తు పోతుందేమోనని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1:
సాన సంగతి తర్వాత, ముందు రెండు బ్లేడ్లనీ కలిపే మర చూడండి. గుడ్డ మడతపడుతోందంటే చాలాసార్లు మర వదులైనట్టే. మూసిన కత్తెరను పక్కనుంచి వెలుతురుకి ఎత్తి చూడండి, బ్లేడ్ల మధ్య సన్నని సందు కనిపిస్తుంది. రెండూ కాస్త వంపుగా ఉంటాయి కాబట్టి కోసేటప్పుడు ఒక్క చోటే తాకుతాయి, ఆ తాకే చోటు మర దగ్గర్నుంచి కొనదాకా జరుగుతూ పోతుంది. మర వదులైతే ఆ తాకిడి ఉండదు. కొద్దికొద్దిగా బిగించి, ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. అప్పటికీ తెగకపోతేనే సాన. అదీ అంచుకు మాత్రమే, లోపలి వైపు అరగదీయనివ్వొద్దు, ఆ వంపు పోతే కత్తెర పోయినట్టే. పిడి జోలికి ఎవరూ వెళ్లరు, గుర్తు ఎక్కడికీ పోదు. దాంతో కాగితం మాత్రం కోయకండి, త్వరగా మొద్దుబారుతుంది.

జవాబు 2:
మన దగ్గరున్న వస్తువుకి మనమే ఎక్కువ విలువ కడతామని, దాన్ని ఎండోమెంట్ ఎఫెక్ట్ అంటారని చదివాను. 1990లో అచ్చయిన ఒక ప్రయోగంలో కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు కొందరికి కప్పులిచ్చి అమ్మమంటే, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపుకు పైగా అడిగారట. కానీ అవి అప్పుడే చేతికొచ్చిన కప్పులు. మీ కత్తెర మీద ఒక మనిషి చెయ్యి ఏళ్ల తరబడి ఆనింది. రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

జవాబు 3:
దయచేసి దాచిపెట్టకండి, వాడండి. మా నాన్నగారి కీ ఇచ్చే వాచీ పాడవకూడదని పదకొండేళ్లు బీరువాలో పెట్టాను. తీసి కీ ఇస్తే కదల్లేదు. లోపల నూనె గట్టిపడిపోయిందని రిపేరు చేసేవాళ్లు చెప్పారు. ఊరికే ఉంచినా నూనె పాడవుతుందని నాకు తెలీదు. శుభ్రం చేయించాక నడుస్తోంది, ఇప్పుడు రోజూ పొద్దున్నే కీ ఇస్తున్నాను, నాన్నగారు కీ ఇచ్చే టైముకే.

ప్రశ్న అడిగినవారు:
మర పావుచుట్టు బిగించి నూనె వేశాను. పాత దుప్పటి బల్లమీద పరిచి కోస్తే కొనదాకా ఒక్క తీరుగా తెగింది. బల్లకి బ్లేడు రాసుకుంటూ వెళ్లే ఆ కరకర చప్పుడు నేను మర్చిపోయాననుకున్నాను. పక్కగదిలోంచి మా అక్క లేచొచ్చి, ఏమీ అడక్కుండా దుప్పటి అవతలి కొస పట్టుకుని నిలబడింది.