105 డీఐ2 నా, రైవల్ ఏఎక్స్ఎస్ నా? బ్రెవేలు తొక్కేవాళ్లు చెప్పండి

సాగరతీరం: వైజాగ్‌లో ఉంటానండి, కొత్త రోడ్ బైక్ తీసుకుంటున్నా. షిమానో 105 డీఐ2, స్రామ్ రైవల్ ఏఎక్స్ఎస్ అనే రెండు ఎలక్ట్రానిక్ గేర్ సెట్ల దగ్గర ఆగిపోయా, రెండూ 12 స్పీడే (వెనక 12 గేర్లు). ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా అరకు తొక్కాలి, వచ్చే ఏడాది 600 బ్రెవే (టైమ్ లిమిట్‌లో తొక్కాల్సిన 600 కిలోమీటర్ల రైడ్) చెయ్యాలి.

ఘాట్‌రోడ్డు: రైవల్ తీసుకో బ్రో. ముందు డిరైలర్‌కి (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) ఒక బ్యాటరీ, వెనకదానికి ఒకటి, రెండూ ఒకటే రకం. వెనకది మధ్యలో చచ్చిపోయిందనుకో, ముందుది పీకి వెనక తగిలించి చిన్న చైన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్లచక్రం) మీదే ఇంటికొచ్చేయొచ్చు. డీఐ2 బ్యాటరీ సీట్‌పోస్ట్ లోపల ఉంటుంది, రోడ్డు మీద ఏం మారుస్తావ్?

చైన్‌లైన్: ఎప్పుడు చూసినా బ్యాటరీ మీదే కొట్టుకుంటారు అందరూ. షిమానో ఒక చార్జ్‌కి సుమారు 1000 కిలోమీటర్లంటుంది, స్రామ్ 60 గంటలంటుంది, 600 బ్రెవేకి ఇచ్చేదే 40 గంటలు, ఫుల్ చార్జ్‌తో బయల్దేరితే ఏదైనా సరిపోతుంది. డీఐ2లో చార్జ్ తగ్గితే ముందు డిరైలరే మొదట ఆగుతుంది, వెనకది ఇంకాసేపు పనిచేస్తుంది, అంటే ముందే తెలిసిపోతుంది. ఘాట్‌కి గేర్లంటారా, 105లో 34/36 (ముందు పళ్లు/వెనక పళ్లు), రైవల్‌లో 33/36 దాకా దొరుకుతాయి, అదేం పెద్ద తేడా కాదు.

నేనైతే బ్రేకులు చూసి కొంటా. రైవల్‌లో పోసేది డాట్ ఫ్లూయిడ్, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, మీది సముద్రం పక్క ఊరు కాబట్టి ఏటేటా మార్చుకోవాల్సిందే, మార్చేటప్పుడు ఫ్రేమ్ మీద చుక్క పడి తుడవకపోతే పెయింట్ లేచిపోతుంది. 105లో మినరల్ ఆయిల్, ఆ బాధ లేదు. ఇంకోటి, 105 క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్) పాత 11 స్పీడ్ షిమానో హబ్ మీద కూడా కూర్చుంటుంది. రైవల్‌లో చిన్న కాగ్ 10 పళ్లది కదా, దానికి ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం ఫ్రీహబ్ (హబ్ మీద క్యాసెట్ కూర్చునే భాగం) కావాలి, చైన్ కూడా వాళ్ల ఫ్లాట్‌టాప్ రకమే. చిన్న ఊళ్లో పార్ట్ పోతే ఏ షాపులో దొరుకుతుందో కూడా ఆలోచించండి.

ఘాట్‌రోడ్డు: ఫ్లూయిడ్ ఏడాదికోసారి మార్చడం అంత పెద్ద పనేం కాదన్నా. తెల్లారుజామున గ్లవ్స్ వేసుకుని, చేతులు మొద్దుబారిపోయి ఉన్నప్పుడు రైవల్ గేర్ లివర్ విలువ తెలుస్తుంది. కుడిది నొక్కితే బరువు గేరు, ఎడమది నొక్కితే తేలిక, రెండూ కలిపి నొక్కితే ముందు చైన్‌రింగ్ మారుతుంది, అంతే. డీఐ2లో ఒకే లివర్ మీద రెండు బటన్లు పక్కపక్కనే, నిద్రమత్తులో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కేస్తాం. పైగా రైవల్ లివర్‌లో 2032 బటన్ సెల్, ఎక్కడైనా దొరుకుతుంది, 105లో వేసే 1632 కోసం వెతుక్కోవాలి.

చైన్‌లైన్: లివర్ల విషయం ఒప్పుకుంటా, అది రైవల్‌దే. కానీ ఎక్కుడు మధ్యలో చిన్న చైన్‌రింగ్ నుంచి పెద్దదానికి మార్చి చూడు, తొక్కుడు ఆపకుండానే డీఐ2 చైన్‌ని ఎత్తి పెట్టేస్తుంది, నాకు రైవల్‌లో ఆ నమ్మకం కుదర్లేదు.

సాగరతీరం: నా దగ్గర 11 స్పీడ్ షిమానో వీల్‌సెట్ ఉందండి, దాన్ని వదులుకోను. బ్రేకులు నేనే ఇంట్లో బ్లీడ్ చేసుకుంటా (పాత ఫ్లూయిడ్ తీసి కొత్తది పోసుకుంటా).

చైన్‌లైన్: అయితే 105 తీసేసుకోండి. చార్జింగ్ కేబుల్ మాత్రం ఇంకోటి కొని బ్యాగులో పడేయండి, అది ఫోన్ కేబుల్ కాదు, బ్రెవే దారిలో ఆగే కంట్రోల్ పాయింట్‌లో ఎవర్ని అడిగినా దొరకదు. 1632 సెల్స్ కూడా రెండు.