కరివేపాకు మొక్కంతా పురుగులే, మందు కొట్టించాలా?

తెనాలి పెరడు:
నమస్తే అండి. ఇంటి వెనక రెండు సెంట్ల ఖాళీ ఉంది. పిల్లలు సీతాకోకచిలుకలు చూస్తారని కడియం నుంచి మందారం, నూరువరహాలు తెప్పించి పెట్టాం. చిలుకలు పెద్దగా రాలేదు గానీ కరివేపాకుకు పురుగు పట్టింది. చిన్నవి పిట్ట రెట్టలా ఉన్నాయి, పెద్దవి పచ్చగా, లావుగా. లేత రెమ్మల్ని ఈనెలు మిగిల్చి తినేస్తున్నాయి. మా అత్తయ్య మందు కొట్టించమంటున్నారు. పురుగుమందుల షాపతను ఒక సీసా ఇచ్చాడు, ఇంకా వాడలేదు. తేనెటీగలు, పిట్టలు రావాలంటే ఏం మొక్కలు వేయాలో కూడా చెప్పండి.

హన్మకొండ మాస్టారు:
ఆ సీసా మూత తీయకండమ్మా. రాలేదంటున్న సీతాకోకచిలుకలే అవి.

మందారంలో తేనె తాగుతాయి గానీ ఈ రకం చిలుకలు గుడ్లు పెట్టేది నిమ్మ, కరివేపాకు, మారేడు లాంటి చెట్ల మీదే. అనుమానముంటే పచ్చ పురుగును పుల్లతో మెల్లగా తాకి చూడండి. తల వెనక నుంచి ఎర్రటి రెండు పాయల కొమ్ము పొడుచుకొస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. అదంతా బెదిరింపే. కుట్టదు, దురద పెట్టదు. దురద పెట్టేది మునగ కాండం మీద గుంపుగా పాకే బొచ్చు గొంగళి, అది వేరే లెక్క. గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా సుమారు నెల పడుతుంది. ఆలోగా పోయిన ఆకు మళ్ళీ చిగురిస్తుంది. కరివేపాకు ఎలాగూ పిలకలేస్తుంది కదా, ఒక పిలక తీసి మూలన పెంచండి. ముందుముందు పురుగుల్ని ఏరి దాని మీద వదిలితే అత్తయ్యగారి పోపుకు లోటుండదు.

ఇక కొత్త మొక్కంటే నా ఓటు తంగేడుకే. మా రాష్ట్ర పుష్పమని చెప్పడం కాదు. పొద్దున్నే దాని దగ్గర నిలబడి చూడండి. ఆ పువ్వులో తేనె ఉండదు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని అదరగొడుతుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. లేత పసుపు చిలుకలు దాని ఆకుల మీదే గుడ్లు పెడతాయి. తులసికి వెన్నులన్నీ తుంచేయకుండా కొన్ని వదిలేయండి, చిన్న తేనెటీగలు అక్కడే ఉంటాయి. జాగా ఉంటే ఒక జిల్లేడు కూడా. పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి, పిల్లలున్న ఇల్లు కాబట్టి చెబుతున్నా.

తెనాలి పెరడు:
చాలా థాంక్స్ మాస్టారూ. పోనీ వేపనూనె కొట్టొచ్చా? అది సహజమే కదా.

హన్మకొండ మాస్టారు:
సహజమైనా పని అదే చేస్తుంది. పురుగును తిననివ్వదు, ఎదగనివ్వదు. ఇంకో సంగతి, మీ మందారం మీద వాలే తేనెపిట్ట తాను తేనె తాగినా పిల్లల నోట్లో పెట్టేది పురుగుల్నీ సాలీళ్ళనే. పురుగు లేని పెరట్లో అది గూడు కట్టి ఏం చేస్తుంది?

కూకట్‌పల్లి బాల్కనీ:
అక్కా, ఒక మట్టి మూకుట్లో నీళ్ళు కూడా పెట్టండి. లోతు వేలెడు మించొద్దు, మధ్యలో ఒక రాయి వేస్తే తేనెటీగలు మునిగిపోకుండా వాలి తాగుతాయి. దోమల టెన్షన్ అక్కర్లేదు. గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుంది, మీరు రోజూ పొద్దున పారబోసి కొత్త నీళ్ళు పోస్తే చాలు. మూకుడు లోపల చేత్తో రుద్ది కడగండి, గుడ్లు అంచుకు అతుక్కుని ఉంటాయి.

తెనాలి పెరడు:
వెనక గోడ వెంబడి గుబురుగా ఏదైనా వేయాలనుంది. నర్సరీ అతను కోనోకార్పస్ త్వరగా పెరుగుతుందన్నాడు.

హన్మకొండ మాస్టారు:
పెరగడం నిజమే, ఆ ఒక్కటే దాని గొప్ప. ఇక్కడి చెట్టు కాదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. గోరింట వేయండి. వానలు పడ్డాక పెన్సిలంత లావు కొమ్మల్ని మూరకొకటి గుచ్చితే వేళ్ళూనుతాయి. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తే గుబురవుతుంది. అయితే ఒక వైపు మాత్రం కత్తిరించకుండా పూతకు వదలండి.