ఎండలకు మధ్యాహ్నం పని ఆపితే, తగ్గిన గంటల కూలీ ఎవరు ఇవ్వాలి?

సైట్ ఇంజనీర్, గుంటూరు:
వేసవి రాకముందే ప్లాన్ రాసి ఇమ్మని మా కంపెనీలో అడిగారు, అందుకే ఇక్కడ పెడుతున్నా. మాది అపార్ట్‌మెంట్ల పని, సైటులో 140 మంది దాకా ఉంటారు, సగం మంది శ్రీకాకుళం, ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. పోయిన మేలో ఒక కుర్రాడు మూడో అంతస్తు స్లాబ్ మీద పడిపోయాడు. పనిలో చేరి నాలుగో రోజు. బతికాడు.

ఆ రోజు ఎండ 42. కాంక్రీటు వేడెక్కకూడదని ప్లాంటులో నీళ్లకు ఐసు కలిపి పంపుతున్నారు, బండి వచ్చినప్పుడల్లా మా జూనియర్ థర్మామీటరు గుచ్చి రీడింగ్ రాసుకుంటున్నాడు. 40 డిగ్రీలు దాటిన ఎండలో కాంక్రీటు ఎలా పోయాలో ఐఎస్ 7861 అని 1975 నుంచే ఒక కోడ్ ఉంది, దాన్ని పొల్లు పోకుండా పాటిస్తాం. ఆ కాంక్రీటు పోసేవాళ్లు తాగే నీళ్ల డ్రమ్ము మాత్రం ఎండలోనే ఉంది. మూత ఎత్తబోతే చెయ్యి చురుక్కుమంది. వాడు పడిపోయేదాకా ఆ డ్రమ్ము వైపు నేను చూడనే లేదు.

ఇప్పుడు నేను అడుగుతున్నది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని బంద్. పొద్దున 6కే మొదలుపెట్టి, సాయంత్రం 4 నుంచి 6 మళ్లీ చేస్తాం. టిఫిన్ టైము తీసేస్తే ఆరున్నర గంటలు వస్తాయి, మామూలుగా ఎనిమిది. తగ్గిన గంటన్నర కూలీ కోయకూడదు. టైములు మార్చడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది, కూలీ దగ్గర ఆగిపోయింది. మీరేమంటారు?

చిన్న కాంట్రాక్టర్, నెల్లూరు:
తమ్ముడూ, 2015 మే నెల చూసినవాణ్ణి, ఎండను తక్కువ చేసి మాట్లాడను. ఆ ఏడాది దేశం మొత్తంలో 2 వేల మందికి పైగా పోతే ఎక్కువ మంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. నీడకు గ్రీన్ నెట్ కడతాను, చల్లని నీళ్లు, మజ్జిగ పెడతాను, ఓఆర్ఎస్ ప్యాకెట్లు డబ్బాలు డబ్బాలు తెస్తాను. చేయని గంటలకు కూలీ ఇవ్వమంటే మాత్రం కుదరదు. చదరపు అడుగుకు ఇంత అని ఏడాది ముందే మాట్లాడుకుంటాం, సెంట్రింగ్ సామాను అద్దె రోజుల లెక్కన పడుతుంది, లేటయితే ఓనరు బిల్లులో కోస్తాడు. నేను ఇచ్చి పక్కవాడు ఇవ్వకపోతే వచ్చే పని అతనికే పోతుంది. మీ పెద్ద కంపెనీ తట్టుకోగలదేమో, ఇద్దరు మేస్త్రీలతో నడిపే నాలాంటివాడు ఎక్కడి నుంచి తేవాలి?

సెంట్రింగ్ మేస్త్రి:
కూలీ ఇవ్వకుండా ఆపితే మావాళ్లు ఆగరండి. వేరే సైటుకు పోతారు, లేకపోతే మీరు చూడనప్పుడు పైకి ఎక్కుతారు. ఊళ్లో అప్పు ఉంది కాబట్టే ఇంత దూరం వచ్చారు. ఇంకో మాట, పొద్దున 6కి రమ్మంటున్నారు, రేకుల షెడ్డులో రాత్రి రెండు దాటితే గానీ నిద్ర పట్టదు. ఆడవాళ్లు వంట చేసి క్యారేజీ కట్టుకోవాలంటే మూడున్నరకే లేవాలి. ఆ షెడ్ల సంగతి కూడా ప్లాన్‌లో రాయండి.

పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా:
మేస్త్రి గారు షెడ్ల గురించి చెప్పింది అందరూ మళ్లీ చదవండి. పగలు వేడెక్కిన ఒళ్లు రాత్రికి చల్లబడాలి. అది జరగకపోతే మర్నాడు మనిషి సగం అలసటతోనే పనిలోకి దిగుతాడు. ఇంజనీర్ గారూ, మీ కుర్రాడు నాలుగో రోజే పడిపోవడం నాకు ఆశ్చర్యం కాదు. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కొత్తవాళ్లకే ముందు ముప్పు. మొదటి రోజు పనిలో అయిదో వంతే చేయించి రోజూ కొంచెం కొంచెం పెంచాలి. దీనికి మీకు డబ్బు కన్నా హాజరు పుస్తకంలో చేరిన తేదీ చూసే మనిషి ఒకరు కావాలి.

మజ్జిగ మంచిదే కానీ వడదెబ్బకు అది మందు కాదు. మాట తడబడుతోంది, తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడు అంటే అప్పటికే ప్రమాదం. పారాసెటమాల్ ఇచ్చి కూర్చోబెట్టకండి, ఈ వేడికి అది పనిచేయదు. 108కి ఫోన్ చేస్తూనే అక్కడికక్కడే ఒళ్లంతా చల్లని నీళ్లతో తడపాలి, ఐసు ఉంటే చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో పెట్టాలి. కాంక్రీటు కోసం ఐసు తెప్పించగలిగినవాళ్లు రెండు దిమ్మలు పక్కన పెట్టుకోలేరా? ఇంకొకటి, సముద్రం దగ్గర 38 డిగ్రీలైనా ఉక్కపోతకు చెమట ఆరదు, మనిషి ఇంకా త్వరగా పడిపోతాడు. వాతావరణ శాఖ వడగాలి లెక్కలో మైదానాలకు 40, తీరానికి 37 అని వేర్వేరుగా పెట్టుకుంది అందుకే. ప్లాన్‌లో ఒక్క డిగ్రీల అంకె మీదే ఆధారపడకండి.

గల్ఫ్ నుంచి వచ్చిన కార్మికుడు, జగిత్యాల:
నేను దోహాలో నాలుగేళ్లు చేసిన. అక్కడ 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బయట పని బంద్. ఎండ, ఉక్క, గాలి అన్నీ కలిపి కొలిచే మీటరు ఉంటది, అది 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాలె. తప్పితే కంపెనీ మీద చర్య ఉంటది. అక్కడ అంతా బాగుందని నేను అంటలేను, మా జిల్లాకు పెట్టెల్లో వచ్చినవాళ్లు ఎంతమందో మాకు తెలుసు. కానీ ఆపిన గంటలకు మా జీతం కోయలే, నెల జీతం కాబట్టి. అందుకే నీడలో పండుకున్నం. ఇక్కడ రోజు కూలీకి ఆ ధైర్యం ఏది అన్నా?

చిన్న కాంట్రాక్టర్, నెల్లూరు:
సరిగ్గా నేను చెప్పేదీ అదే. అక్కడ రూలు అందరికీ ఒకటే కాబట్టి ఎవడూ నష్టపోలేదు. ఇక్కడ కూడా కలెక్టరు సలహా ఇచ్చి ఊరుకోకుండా ఆర్డరు వేసి అందరి చేతా చేయిస్తే నేనూ చేస్తా.

లేబర్ కేసులు చూసే లాయరు, హైదరాబాద్:
మొత్తం కాంట్రాక్టరు నెత్తిన వేయక్కర్లేదు. 1996 చట్టంతో మొదలై, నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళ్తోంది. ఢిల్లీలో గాలి కాలుష్యం వల్ల నిర్మాణాలు ఆపినప్పుడు అక్కడి బోర్డు నుంచే కార్మికులకు భృతి ఇచ్చారు, 2021లో 5 వేలు, 2024లో సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక 8 వేలు. పొగకు ఇచ్చినప్పుడు ఎండకు ఎందుకు ఇవ్వకూడదు? తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో వడదెబ్బ మరణాలకు పరిహారం 4 లక్షలకు పెంచారు, మంచిదే, కానీ అది ప్రాణం పోయాక వచ్చే డబ్బు. అయితే బోర్డులో పేరు నమోదైనవాళ్లకే భృతి అందుతుంది, కాబట్టి కంపెనీలు ఇప్పుడే చేయగల పని ఒకటుంది. మార్చిలోపు సైటులో ప్రతి ఒక్కరి పేరూ ఎక్కించండి, ఒడిశా వాళ్లతో సహా.

ఉపాధి హామీ పనుల్లో మేట్, అనంతపురం:
ఇది మనకు కొత్తేమీ కాదు. ఉపాధి పనిలో కొలతను బట్టి కూలీ కదా, వేసవిలో నేల గట్టిపడి అంత తవ్వలేరని కొన్నేళ్ల కిందటి దాకా అలవెన్సు కలిపేవాళ్లు, ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మేలో 30, జూన్‌లో 20. తక్కువ తవ్వినా కూలీ నిలబడేది, అందుకే పది పదకొండుకల్లా జనం ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. తర్వాత తీసేశారు. ఎండకు తగ్గ రేటు ముందే రాసిపెట్టడం మన ఊళ్లలో జరిగిన పనే, ఎవరూ కుదరదని అనకండి.

సైట్ ఇంజనీర్, గుంటూరు:
అందరికీ థాంక్స్. మేట్ గారి మాటతో నా లెక్క మార్చుకున్నా. చేయని గంటల కూలీ అనకుండా వేసవి రేటు అని ఎస్టిమేటులోనే పెట్టాలి. రోజు కూలీ సగటున 800 అనుకుంటే గంటన్నరకు 150, 140 మందికి రోజుకు 21 వేలు, ఆ రెండు నెలల్లో పని జరిగేది 40 రోజులనుకుంటే 8 లక్షల 40 వేలు. రెండు కారు పార్కింగులకు మేం కొనేవాళ్ల దగ్గర తీసుకునేంత. కుర్రాడు పడిపోయిన రోజు సైటు మొత్తం ఆగింది, ఆ ముఠాలో తొమ్మిది మంది మర్నాడే ఊరెళ్లిపోయారు, స్లాబ్ పన్నెండు రోజులు వెనక పడింది. ఆ నష్టం ఎవరూ లెక్క వేయలేదు, ఇప్పుడు నేను వేస్తున్నా. కొత్తవాళ్ల జాబితా, షెడ్ల పైకప్పులకు తెల్ల సున్నం, లోపల ఫ్యాన్లు, ఐసు దిమ్మలు కూడా రాశాను.

చిన్న కాంట్రాక్టర్, నెల్లూరు:
ఆ షీటు నాకూ పంపు. ఈ వారమే ఒక స్కూలు బిల్డింగుకు కొటేషన్ ఇస్తున్నా, వేసవి రేటు అని విడిగా లైను వేసి చూస్తా. ఓనరు కొట్టేస్తే నా జేబులోంచి మాత్రం ఇవ్వలేను, అది ముందే చెప్తున్నా.

సెంట్రింగ్ మేస్త్రి:
ఇంజనీర్ గారూ, మా ముఠాది రోజు కూలీ కాదు, అడుగు లెక్క. మీ 150 మాకు ఎలా వస్తుంది? వచ్చినా నా చేతికి ఇస్తారా, కుర్రాళ్ల చేతికి ఇస్తారా? వాళ్ల చేతికే ఇవ్వండి. మధ్యలో నేనుంటే పాత అప్పు కింద పట్టుకోక తప్పదు.