‘ఎవరో’ చివరి ఓ, తర్కశాస్త్రం

‘అన్నో తమ్ముడో వస్తాడు’లోని ఓ, ‘ఎవరో వచ్చారు’లోని ఓ ఒకటేనా అని అడిగారు కదా. ఒకటేనని నా గట్టి నమ్మకం. సందేహార్థకం అని పేరు పెట్టి వదిలేస్తే మాత్రం దాని అసలు పని కనబడదు.

తలుపు చప్పుడైతే ‘ఎవరో వచ్చారు’ అంటాం. అంటే అన్నో, తమ్ముడో, పాలవాడో, పక్కింటి పిన్నిగారో అని వరసగా చెప్పుకుపోవాల్సిన జాబితానంతా ఒక్క మాటలో చెప్పేశాం. తర్కశాస్త్రం అనేదీ ఇదే: ‘కనీసం ఒకరున్నారు’ అనడమూ, ‘ఈయన లేదా ఆవిడ లేదా ఇంకొకరు’ అని చివరిదాకా చెప్పుకుపోవడమూ సమానం. కాకపోతే అక్కడ రెండిటికీ వేరువేరు గుర్తులున్నాయి. 1897లో ఇటలీ గణితవేత్త పెయానో ఇంగ్లీషు పెద్ద ‘ఈ’ని వెనక్కి తిప్పి ‘ఉంది’కి గుర్తుగా పెట్టాడు, ‘లేదా’ గుర్తేమో లాటిన్ ‘వెల్’లోని మొదటి అక్షరం నుంచి వచ్చింది. మనకు రెండిటికీ ఓ ఒక్కటే సరిపోయింది. మనకే కాదు, తమిళ, కన్నడాల్లో యారో అన్నా, మలయాళంలో ఆరో అన్నా అదే ఓ.

‘లేదా’ అనే ఈ ఓకి జంటగా ‘ఇదీ, అదీ, అన్నీ’ అని చెప్పేది, చివరి అచ్చుకి వచ్చే దీర్ఘం. ‘ముగ్గురు వచ్చారు’, ‘ముగ్గురూ వచ్చారు’ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఉత్త లెక్క, రెండోది మనకి ముందే తెలిసిన ఆ ముగ్గురిలో ఎవరూ మిగల్లేదని చెప్పడం. ‘అన్నా తమ్ముడూ వచ్చారు’ అని కలిపేదీ, ‘ఎప్పుడూ’, ‘ఎక్కడా’లో ఉన్నదీ ఆ దీర్ఘమే. అయితే ‘ఎవరూ రాలేదు’ అంటాం గానీ ‘ఎవరూ వచ్చారు’ అనం, అక్కడ ‘అందరూ’ కావాలి. మరి ‘అందరూ రాలేదు’ అంటే? కొందరు వచ్చారనే నా చెవికి వినబడుతుంది, మీకెలా ఉందో చెప్పండి.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఓ ఎక్కడ చేరుతుందన్న సంగతి. ‘ఎవరో చెప్పారు’ అంటే చెప్పినవారు ఒకరున్నారు, వాక్యం అయిపోయింది. అదే ఓని క్రియ చివరికి జరిపి ‘ఎవరు చెప్పారో’ అంటే వాక్యం పూర్తికాదు, ‘తెలియదు’ అనో ‘కనుక్కో’ అనో రావాల్సిందే. ఈ ‘ఓ’ పరిధి, అంటే అది వాక్యంలో ఎంత భాగానికి వర్తిస్తుందన్నది, దాన్ని తగిలించిన చోటుని బట్టే తేలుతోంది, తర్కంలో బ్రాకెట్లు చేసే పని ఇక్కడ మాటల వరసే చేస్తోంది. ‘వచ్చాడో లేదో చూడు’ అన్నప్పుడు కూడా అంతే, ఉన్నవి రెండే దారులు, మూడోది లేదు.

ఒక్క మాట, ‘ఓ రోజు’లోని ఓని మాత్రం ఇందులో కలపకండి, అది ‘ఒక’ అరిగిపోగా మిగిలింది.