దెయ్యంతో మాట్లాడే డిటెక్టివ్ ఉంటే ఇక మిస్టరీ ఎక్కడ మిగులుతుంది?

పెదవాల్తేరు_టీచర్:
నేను టెన్త్ పిల్లలకి ట్యూషన్లు చెబుతాను. ఏడాదిగా టీనేజ్ పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. హీరోయిన్ గౌరి, పదహారేళ్ళు, విశాఖలో పెద జాలారిపేట పిల్ల. చనిపోయినవాళ్ళ వస్తువు చేత్తో పట్టుకుంటే వాళ్ళు ఆమెతో మాట్లాడతారు. మొదటి కేసు ఫిషింగ్ హార్బర్‌లో ఒక కళాసీది, అంటే బోటు మీద పనిచేసే మనిషిది. చేపల వేట నిషేధం అయిపోయాక జూన్ 15న వెళ్ళిన మొదటి వేటలోనే బోటు మీంచి జారి పడ్డాడని ఓనరు చెప్పాడు. శవం దొరకలేదు. భార్య ఆయన తువ్వాలు తెచ్చి గౌరి చేతిలో పెడుతుంది.

ఇక్కడిదాకా మా అక్క కూతురికి చదివి వినిపించాను. "పిన్నీ, నిన్ను చంపిందెవరని ఆయన్నే అడిగేస్తే అయిపోతుంది కదా?" అంది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఆ శక్తి తీసేస్తే గౌరి గౌరే కాదు. ఉంచితే ఐదో అధ్యాయంలోనే కథ కంచికి పోతుంది. ఏం చెయ్యమంటారు?

పాతపుస్తకాలు:
1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ మతగురువు డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. ఆయన కూడా డిటెక్టివ్ నవలలు రాసినవాడే. అందులో రెండో నియమం మానవాతీత శక్తులు ఉండకూడదని. నాకు తెలిసి అందులో అసలు సంగతి దెయ్యాల మీద కోపం కాదు, పాఠకుడికి అన్యాయం జరగకూడదని. కాబట్టి గౌరికి ఏం వినిపిస్తుందో, ఏం వినిపించదో మొదటి పది పేజీల్లోనే చెప్పెయ్యండి. తర్వాత దాన్ని మార్చకండి. శక్తి వాడిన ప్రతిసారీ ముక్కులోంచి రక్తం కారడం లాంటివి మాత్రం వద్దండీ. అమ్మాయి మీద జాలి పుడుతుంది గానీ ముడి బిగుసుకోదు.

హార్బర్_కుర్రాడు:
మా నాన్న కళాసీయే మేడమ్. ఆ మనిషిని వెనక నుంచి కొట్టారనుకోండి, ఎవరు కొట్టారో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? పేరు చెప్పలేడు. ఆఖరి క్షణంలో చేతికి తగిలిందీ చెవిన పడిందీ చెబుతాడు, అంతే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఉండదు కదా. బోట్లకి రిపేర్లు, రంగులు, వలలు కుట్టుకోవడం, అన్నీ అప్పుడే. మా నాన్న ఇంటికొస్తే పెయింటు వాసన, అన్నం కలిపే వేళ్ళ సందుల్లో నీలం రంగు. మీ కళాసీ చేత "అరచెయ్యి రంగుకి అతుక్కుపోయింది, ఎక్కడో సుత్తి చప్పుడు, ఇంజిన్ మోతే లేదు" అనిపించండి. అంటే బోటు ఇంకా కదల్లేదు. ఓనరు చెప్పిన వేటకి ముందే, జెట్టీ మీదే పోయాడు. నడిసముద్రంలో పడ్డాడంటే శవమేదని ఎవరూ నిలదియ్యరు.

అలలదరి:
ఇంకొకటి కూడా చూడండి. ఆయనకి నిజంగానే తెలిసీ చెప్పకపోవచ్చు. కొడుకు అదే ఓనరు దగ్గర పనికి కుదిరి ఉంటే తండ్రి నోరు విప్పుతాడా?

పెదవాల్తేరు_టీచర్:
హార్బర్ తమ్ముడూ, నీకు చాలా రుణపడ్డాను. నాలుగో అధ్యాయం మళ్ళీ రాశాను. గౌరి పదేపదే అడిగినా ఆయన "అమ్మా, చెయ్యి జిగురుగా ఉంది, కడుగు" అనే అంటాడు. ఆమెకి అర్థం కాదు. ఎనిమిదో అధ్యాయంలో బోటు పక్కన నిలబడి చూస్తే, నీలం రంగులో ఐదు వేళ్ళ గుర్తు కనిపిస్తుంది. అలలదరి గారు చెప్పిన కొడుకుని కూడా తెచ్చాను, అతనే ఆ గుర్తు మీద మళ్ళీ రంగు వెయ్యడానికి బ్రష్షు పట్టుకుని వస్తాడు.

ఇంకొక్క మాట చెప్పు తమ్ముడూ. ఉప్పుగాలికి బోటు రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుంది? తెల్లారేసరికి ఆరిపోతుందంటే హత్య జరిగిన టైమ్ నేను మార్చుకోవాలి.