తప్పు నిరసనదా, నిరసన తెలిపినవారిదా?

ప్రశ్న:
1968 అక్టోబరు 16న మెక్సికో నగరం ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు పతకాలు అందుకున్న నల్లజాతి అమెరికన్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ జాతివివక్షకు నిరసనగా నల్ల తొడుగుల పిడికిళ్ళు ఎత్తి నిలబడినందుకు, క్రీడల్లో రాజకీయాలకు చోటు లేదంటూ వారిని ఆటల నుంచి పంపించివేశారు. అందుకు పట్టుబట్టిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్, 1936లో అమెరికా ఒలింపిక్ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాజీ వందనాలకు అభ్యంతరం చెప్పలేదు. ఈ తేడాను ఎలా అర్థం చేసుకోవాలి?

మొదటి జవాబు:
నాజీ వందనం అప్పటి జర్మనీ అధికారిక వందనమన్నది బ్రండేజ్ పక్షాన వినిపించే వాదన. దాన్ని అంగీకరిస్తే, ప్రభుత్వం చేయించేది మర్యాద, పౌరుడు తన బాధ చెప్పుకుంటే మాత్రం రాజకీయం అని ఒప్పుకున్నట్టే అవుతుంది.

రెండవ జవాబు:
ఇది ఒక్క బ్రండేజ్ తీరు కాదండీ. వీధుల్లో గొడవలు వద్దు, శాంతంగా చెప్పండి అని హితవు పలికినవారిలో ఎందరో, 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ జాతివివక్షకు నిరసనగా జాతీయగీతం వేళ మౌనంగా మోకరిల్లితే జెండాకు అవమానమన్నారు. ఒక మాజీ సైనికుడితో మాట్లాడాకే, గౌరవసూచకంగా ఉంటుందని ఆయన ఆ భంగిమను ఎంచుకున్నారు! ఆ సీజన్ తర్వాత ఏ జట్టూ ఆయనను తీసుకోలేదు. అహింసనే నమ్మిన మార్టిన్ లూథర్ కింగ్ పట్ల కూడా 1966లో గాలప్ సంస్థ జరిపిన అభిప్రాయ సేకరణలో 63 శాతం మంది అమెరికన్లు వ్యతిరేకత తెలిపారు.

మూడవ జవాబు:
మీరు చెప్పినవి నిజమే అయినా, మైదానంలో ఏ రాజకీయమూ వద్దని మనస్ఫూర్తిగా కోరేవారూ ఉన్నారు, వారందరినీ జాతివివక్షాపరులనడం న్యాయం కాదు. తమకు నచ్చిన నిరసనను కూడా వారు అంతే గట్టిగా కాదన్నారా అన్నదే చూడాలి.