1968కి వెళ్లి ఒక్కటే కొనమంటే: డేటోనానా, హెచ్ఎంటీనా?

డల్లాస్ తెలుగు:
కాలంలో ఒక్కసారే వెనక్కి వెళ్లొచ్చు, ఒక్కటే కొనుక్కుని రావాలి. ఏం కొంటారు? నా సమాధానం సిద్ధంగా ఉంది. 1968, అమెరికా, రోలెక్స్ డేటోనా 6239, రంగుల డయల్‌ది. అప్పట్లో అది రెండు మూడు వందల డాలర్ల వాచీ. ఆ డయల్ జనానికి నచ్చక షాపుల్లోనే మిగిలిపోయేది. నటుడు పాల్ న్యూమన్‌కు ఆయన భార్య జోయన్ వుడ్‌వర్డ్ కొనిచ్చిన అలాంటి వాచీయే 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పోయింది. ఇంతకంటే మంచి బేరం ఉంటే చెప్పండి.

కీవాచీ:
అన్నా, మీరు డల్లాస్‌లో కూర్చుని చెప్తున్నారు. 1968లో గుంటూరులో ఉన్నవాడి సంగతి చూడండి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలకు ఎగబాకింది. రెండు వందల డాలర్లంటే 1,500 రూపాయలు, ఒక గుమాస్తాకు చాలా నెలల జీతం. డబ్బున్నా డాలర్లు చేతికి రావు, విదేశీ మారకం మీద సర్కారు పట్టు అలాంటిది. మనవాళ్లలో ఎక్కువమందికి అందింది సర్కారు కంపెనీ హెచ్ఎంటీ వాచీయే. అదీ అడగ్గానే దొరికేది కాదు. పెళ్లిలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టే రోజులవి. నా ఓటు హెచ్ఎంటీ వాళ్ల జనతా మోడల్ కొత్త వాచీకే. తెచ్చుకుని రోజూ కీ ఇచ్చి పెట్టుకుంటా.

డల్లాస్ తెలుగు:
కాలంలోకి ప్రయాణమే ఊహ అయినప్పుడు మారకం రూల్స్ ఎందుకు తమ్ముడూ? లక్షల డాలర్లు వదులుకుని జనతా తెస్తానంటే నాకు అర్థం కావడం లేదు.

పాతడయల్:
డల్లాస్ గారూ, రూల్స్ పక్కన పెట్టినా మీ లెక్కలో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఆ కోటీ 77 లక్షలు వాచీకి వచ్చిన ధర కాదు. న్యూమన్ చేతికి ఉన్న ఆ ఒక్క వాచీకి, దాని వెనక ఆయన భార్య చెక్కించిన మాటలకు వచ్చిన ధర. 2009లో న్యూయార్క్‌లోనే గాంధీజీ జేబు గడియారం, కళ్లద్దాలు, చెప్పులు, పళ్లెం, గిన్నె కలిపి విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు కొన్నారు. అలాంటి జెనిత్ కంపెనీ జేబు గడియారం ఇంకెవరిదైనా అయితే ఆ ధరలో పిసరంత కూడా రాదు. మీరు కొనేది అదే మోడల్, కానీ ఎవరూ పెట్టుకోనిది. మంచి ధరే వస్తుంది, ఆ ధర మాత్రం రాదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. అప్పటి డేటోనా డయల్ మీద చీకట్లో మెరిసే చుక్కల్లో ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. సుమారు పన్నెండేళ్లకోసారి దాని బలం సగానికి పడిపోతుంది. ఈపాటికి ఆ చుక్కలు దాదాపు ఆరిపోయి ఉండాలి. మీరు నేరుగా తెచ్చిన వాచీలో అవి నిన్న వేసినట్టు వెలుగుతుంటే వేలం సంస్థ నిపుణుడు ఏమంటాడు? ‘చుక్కలు కొత్తగా వేశారు, ఇది అసలుది కాదు’ అని పక్కన పెట్టేస్తాడు. పాత వాచీలు సేకరించేవాళ్లు డబ్బిచ్చేది ఇనుముకు కాదు, గడిచిన ఏళ్లకు. ఆ ఏళ్లను దాటేసి వస్తే మీరు అమ్మడానికి ఏం మిగిలింది?

సింగపూర్ నుంచి:
నేనైతే 1969 డిసెంబరు 25న టోక్యోలో దిగుతా. సీకో ఆస్ట్రాన్, ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి క్వార్ట్జ్ (కీ అక్కర్లేకుండా బ్యాటరీతో నడిచే) చేతి వాచీ. 4,50,000 యెన్లు, అప్పట్లో ఒక కారు ధర. స్విస్ ఫ్యాక్టరీలు వరసగా మూతపడటానికి నాంది పలికిన వాచీ అది. లాభం ఎంతన్నది నాకు అక్కర్లేదు.

డల్లాస్ తెలుగు:
అయితే తీసుకురాను. అక్కడే కొని, బిల్లు, డబ్బాతో సహా బ్యాంకు లాకర్లో పెట్టి వస్తా. ఏళ్లు వాటంతట అవే గడుస్తాయి. పాతడయల్ గారూ, వంకలు బాగానే పెట్టారు, మరి మీరేం కొంటారు?

పాతడయల్:
లాకర్ అన్నారు, అది సరైన దారి. లోపల ఆయిలు ఎండిపోతుంది, సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుంది.

నేను మాత్రం వాచీ కొనను. 1970లలో ఏదైనా హెచ్ఎంటీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఒక పెట్టె నిండా స్పేర్ పార్టులు కొంటా. స్ప్రింగులు, బ్యాలెన్స్ స్టాఫ్‌లు (లోపల ఊగే చక్రానికి ఇరుసులు), కీ తిప్పే తలలు, ముళ్లు, అన్నిటికంటే ముందు డయళ్లు.

ఎందుకో చెప్తా. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైంది హెచ్ఎంటీ వాచీ. జనతా, పైలట్ మోడళ్ల లోపల తిరిగేది ఒకే రకం 17 జ్యూయెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) ఉన్న కీ యంత్రం. అంత మొండి యంత్రం కాబట్టే ఇంకా లక్షల ఇళ్లలో బీరువాల్లో పడి ఉంది. 2016 జనవరిలో ఆ వాచీ కంపెనీని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ తర్వాత అందరికీ ఒక్కసారిగా హెచ్ఎంటీ కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడండి, నారింజ, ఆకుపచ్చ, ముదురు ఎరుపు, ఇలా రంగురంగుల్లో పైలట్లు! పాత డయల్ గీకేసి, పైన కొత్త పెయింట్ కొట్టి, పేరు వంకరటింకరగా అచ్చేసి అమ్ముతున్నారు. అలా ఒక్కో వాచీకి ఒక్కో అసలు డయల్ శాశ్వతంగా పోతోంది. యంత్రాలకు కరువు లేదు, చెక్కుచెదరని డయళ్లకే కరువు. నాకు అది చూస్తే కడుపు మండుతుంది. ఆ పెట్టె ఉంటే ఎన్ని వాచీలు మళ్లీ తమ ముఖంతో తిరుగుతాయో ఆలోచించండి.

నల్లకుంట:
పాతడయల్ గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోను. పెట్టెలోంచి తీసిన డయల్ కంపెనీదే కావచ్చు, కానీ ఆ వాచీతో పుట్టింది కాదు. రోలెక్స్ లోకంలో సర్వీసింగ్‌లో మార్చిన డయల్ ఉంటే ధర పడిపోతుంది. మీరు మార్చిన వాచీ రేపు ఎవరో ‘ఒరిజినల్’ అని అమ్మితే, పెయింట్ కొట్టినవాడికీ మీకూ కొనేవాడి దృష్టిలో తేడా ఏముంది? మచ్చలు పడ్డ డయల్ అయినా సరే, దాన్ని అలాగే ఉంచాలి.

పాతడయల్:
మచ్చలు పడ్డదాన్ని నేను ముట్టుకోను, అక్కడ మీరూ నేనూ ఒకటే. నేను మార్చేది ఇప్పటికే గీకేసి పెయింట్ కొట్టినవాటినే. వాటిలో కాపాడటానికి పాత డయల్ అంటూ ఏమీ మిగల్లేదు. మార్చిన తేదీ, మార్చిన పార్టు ఒక చీటీ మీద రాసి వెనక మూత లోపల పెడతా. స్విస్ రిపేరర్లు పాతకాలం నుంచీ మూత లోపల సన్నగా గీతలతో గుర్తులు రాసేవారు, అదే పద్ధతి.

నల్లకుంట:
చీటీ తీసేయడం క్షణం పని. మూత మీదే చెక్కిస్తానంటే ఒప్పుకుంటా. లేదంటే డయళ్లు వదిలేసి స్ప్రింగులు, స్టాఫ్‌లు మాత్రమే తెండి.

కీవాచీ:
స్టాఫ్‌లు తెస్తే నాకు రెండు పక్కన పెట్టండి అన్నా. మా వీధిలో రిపేర్ చేసే పెద్దాయన, పాత వాచీ విప్పి తీసిన ముక్కలతోనే నెట్టుకొస్తున్నాడు.